శామీర్‌పేటలో బిడ్డను ఎత్తుకున్న చేతులు

1951లో లండన్‌లో జాన్ బౌల్బీ అనే పిల్లల మానసిక వైద్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం ఒక నివేదిక రాశాడు. యుద్ధం ముగిసి అప్పటికి ఆరేళ్లు. యూరప్ నిండా అనాథాశ్రమాలు, కన్నవాళ్లకు దూరమైన పిల్లలు. ఆసుపత్రుల్లో, ఆశ్రమాల్లో పెరుగుతున్న పసివాళ్లకు తిండికీ బట్టకూ కొదవ లేకపోయినా లోపల ఏదో ఎండిపోతోందని ఆయన గమనించాడు. తల్లి దగ్గర గాని, తల్లి స్థానంలో నిలకడగా ఉండే మరొకరి దగ్గర గాని ఎడతెగని ఆప్యాయత దొరకకపోతే బిడ్డ మనసు నిలదొక్కుకోదని వాదించాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1951–52లో, హైదరాబాద్‌కు ఉత్తరాన కరీంనగర్ దారిలో ఉన్న శామీర్‌పేటకు ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఒక బృందం వచ్చింది. మానవశాస్త్రజ్ఞుడు ఎస్.సి. దూబే ఆధ్వర్యంలో ఆ బృందం ఊరి కులాలు, పంటలు, పండుగలు, ఇళ్లలోని సంబంధాలు అన్నీ రాసుకుంది. ఆ పని 1955లో ‘ఇండియన్ విలేజ్’ పేరుతో పుస్తకమై వచ్చింది, దాన్ని ప్రపంచమంతా చదివింది. ఆ లండన్ నివేదికకూ ఈ ఊరి పుస్తకానికీ ఏ సంబంధమూ లేదు. అయినా రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక ప్రశ్న తప్పక పుడుతుంది: బిడ్డ ఎవరిని పట్టుకుని పెరుగుతుంది, ఎంతమందిని? నాకు అర్థమైనంతలో, శామీర్‌పేటలో బిడ్డ బంధం ఎన్నడూ తల్లి ఒక్కదానితోనే లేదు. అలాగని ఊరందరితోనూ లేదు. రోజూ కనిపించే, వేళ్ల మీద లెక్కపెట్టగలిగే నలుగురైదుగురితో ఉంది. ఈ డెబ్బై ఏళ్లలో శామీర్‌పేట, పక్కనున్న మేడ్చల్ మండలాల్లో చెదిరింది ఆ నలుగురైదుగురి లెక్క.

దూబే చూసిన శామీర్‌పేట దాదాపు 2,500 మంది ఉన్న ఊరు. కాపులు, గొల్లలు, సాలెలు, గౌండ్లు, కుమ్మరులు, చాకళ్లు, మంగళ్లు, వడ్డెరలు, ఎరుకలు, మాలలు, మాదిగలు, ముస్లింలు, కొద్దిమంది బ్రాహ్మణులు, కోమట్లు. కుటుంబ బంధాల కోసం ఆయన ఒక అధ్యాయమే కేటాయించాడు. అందులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఉమ్మడి కుటుంబం గురించిన పరిశీలన. ఊళ్లో ఎవరిని అడిగినా అన్నదమ్ములంతా కలిసి ఉండడమే మంచిదనేవారు. కానీ పెళ్లయిన కొడుకుల్లో ఎక్కువమంది కొన్నేళ్లకే వేరుపడేవారు. అంటే మనం ఇవాళ తలుచుకుని నిట్టూర్చే పెద్ద ఉమ్మడి ఇల్లు 1951 నాటికే ఆచరణలో కంటే కోరికలోనే ఎక్కువగా ఉంది. ‘పూర్వం పిల్లలు ఉమ్మడి కుటుంబాల్లో పెరిగారు, ఇప్పుడు ఆ భాగ్యం లేదు’ అనే మాటను ఈ సాక్ష్యం ముందుంచి చూడాలి. నా వాదనకు మొదటి అభ్యంతరం కూడా ఇక్కడే వస్తుంది. కుటుంబాలు అప్పటికే చిన్నవైతే, బిడ్డకు తల్లిని మించి ఆ నలుగురైదుగురు ఎక్కడి నుంచి వచ్చారు?

వేరుపడడం అంటే తెలంగాణ పల్లెలో ఏం జరిగేదో చూస్తే జవాబు దొరుకుతుంది. వేరుపడినప్పుడు మొదట వేరయ్యేది పొయ్యి. గింజలు పంచుకుంటారు, గిన్నెలు పంచుకుంటారు, ఇంటి మధ్య గోడ లేస్తుంది, లేదంటే అదే వాడకట్టులో నాలుగు అడుగుల దూరంలో కొత్త గుడిసె వేసుకుంటారు. జనాభా లెక్కల వాళ్లు వచ్చి రెండు కుటుంబాలని రాసుకుంటారు. కానీ పాకే బిడ్డకు ఆ గోడ లెక్కలోకి రాదు. బాపమ్మ గద్దెమీదనే కూర్చుని ఉంటుంది, చిన్నమ్మ వాకిట్లోనే బియ్యం చెరుగుతూ ఉంటుంది, పెద్దనాయిన సాయంత్రం అదే దారిన పొలం నుంచి వస్తాడు. పెద్దవాళ్లు ఆరునెలలు మాటలు మానుకున్నా పిల్లలు ఆ ఇంట్లో తిని ఈ ఇంట్లో పడుకోవడం మానరు. కాబట్టి కుటుంబం చిన్నదా పెద్దదా అని పొయ్యిని చూసి తేల్చడం బిడ్డ విషయంలో సరిపోదు. ఒక రోజులో ఆ బిడ్డను ఎవరెవరు ఎత్తుకున్నారు, ఎవరు తినిపించారు, ఏడిస్తే ఎవరు పరుగెత్తుకొచ్చారు, రేపు కూడా వాళ్లే వస్తారా అన్నవి అడగవలసిన ప్రశ్నలు. దూబే ఈ లెక్క తీయలేదు, ఆయన కాలంలో దాన్ని తీసే శాస్త్రమే ఇంకా పుట్టలేదు. అయినా ఆయన వర్ణించిన కుటుంబాల తీరును బట్టి ఆ లెక్కను ఊహించడం కష్టం కాదు.

కులాన్ని పక్కన పెట్టి ఈ లెక్క వేస్తే తప్పవుతుంది. ఇంటి గడప దాటని కలిగిన ఇళ్ల కోడలు బిడ్డను తన దగ్గరే ఉంచుకోగలిగింది. మాల, మాదిగ, గొల్ల, వడ్డెర స్త్రీలకు ఆ వీలు లేదు. నాట్లు, కలుపు, కోతలు అన్నీ ఆడవాళ్ల పనులు. బాలింత నెలలు గడిచాయో లేదో పొలానికి పోవలసిందే. తుమ్మచెట్టు కొమ్మకో వేపచెట్టు కొమ్మకో పాత చీర కట్టి తొట్టెల చేసి, కింద ఏడెనిమిదేళ్ల ఆడపిల్లను కాపలా పెట్టి, గట్టు అవతల నుంచి ఒక చెవి ఇటు వేసి తల్లి పని చేసేది. దొరల వెట్టి నడిచిన రోజుల్లో అదీ లేదు. పాలు తాగే బిడ్డను దింపి గడీకి పోవలసి వచ్చిన తల్లుల సంగతి తెలంగాణ రైతాంగ పోరాట జ్ఞాపకాల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. కనుక ‘ఉద్యోగాలు వచ్చాక తల్లి బిడ్డకు దూరమైంది’ అనేవాళ్లు ఏ తల్లుల గురించి మాట్లాడుతున్నారో ముందు చెప్పాలి. ఈ మండలాల్లో ఎక్కువమంది తల్లులు ఎన్నడూ పనికి పోకుండా లేరు. పని చేసే తల్లికి, బిడ్డకు మధ్య మూడో మనిషి ఎవరన్నదే ఇక్కడి చరిత్ర. ఎక్కువసార్లు ఆ మూడో మనిషి అక్క. చెల్లినో తమ్ముణ్నో సంకనేసుకుని తిరిగిన ఆ చిన్నపిల్లల బాల్యాన్ని మనం ఎక్కడా ఖర్చు కింద రాయలేదు. తమ్ముడికి దొరికిన భద్రతకు ఆమె బడి మూల్యమైంది. 1990ల తొలినాళ్లలో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో శాంతా సిన్హా నాయకత్వాన ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ పిల్లలందరినీ బడికి తెచ్చే పని మొదలుపెట్టింది. మేడ్చల్, శామీర్‌పేట అప్పట్లో ఆ జిల్లాలోవే. ఇలాంటి ఆడపిల్ల బడికి రావాలంటే ఆమె సంకలో ఉన్న బిడ్డకు ఇంకో చెయ్యి చూపించక తప్పదు.

మన భాష కూడా ఈ విషయంలో ఒక సాక్షి. తల్లి అక్క పెద్దమ్మ, తల్లి చెల్లెలు చిన్నమ్మ, తండ్రి అన్నదమ్ముల భార్యలు కూడా పెద్దమ్మ చిన్నమ్మలే. అంటే వాళ్లందరికీ అమ్మ అన్న మాటలో వాటా ఉంది. తండ్రి అక్కచెల్లెలు మాత్రం మేనత్త, మేనమామ భార్య అత్త. వాళ్లకు ఆ వాటా లేదు. ఇది మేనరికాల లెక్క కోసం పుట్టిన ఏర్పాటు. ఎవరి పిల్లలు తోబుట్టువులో, ఎవరి పిల్లలను పెళ్లాడవచ్చునో చెప్పడానికి పుట్టిన పిలుపులు ఇవి. కాబట్టి పిలుపును బట్టే పెంపకం జరిగిందని అనలేం. మేనత్త ఎత్తుకోని బిడ్డ ఏ ఊళ్లోనూ ఉండదు. అయినా ఈ పిలుపుల్లో ఒక హద్దు కనిపిస్తుంది. 1992లో స్టాన్లీ కర్ట్జ్ అనే అమెరికన్ పండితుడు హిందూ కుటుంబాల్లో బిడ్డ కన్నతల్లి నుంచి మెల్లగా తల్లుల గుంపు వైపు జరుగుతుందని, అక్కడ తల్లులంతా ఒకటేనని ఒక సిద్ధాంతం చేశాడు. తెలుగు పిలుపులు ఆ మాటను అంత సులువుగా ఒప్పుకోవు. పెద్దమ్మ పెద్దమ్మే, అమ్మ అమ్మే. రాత్రి జ్వరం వస్తే బిడ్డ ఎవరి కోసం ఏడుస్తుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తల్లులు అనేకులు గాని, అందరూ ఒకటి కారు. వాళ్లలో ఒక వరస ఉంది, ఆ వరస బిడ్డకు తెలుసు.

ఇంతమంది చేతులు మారితే బంధం పలచబడదా అన్నది రెండో అభ్యంతరం. ఇది గట్టి అభ్యంతరమే. దీనికి జవాబు మొదట వెతికింది బౌల్బీ దగ్గర పని చేసిన మేరీ ఐన్స్‌వర్త్. ఆమె 1954లో ఉగాండా వెళ్లి, కంపాలా దగ్గరి పల్లెల్లో 26 మంది తల్లులను, వాళ్ల 28 మంది పసిపిల్లలను ఇళ్లకు వెళ్లి నెలల తరబడి గమనించింది. అక్కడా అవ్వలు, అక్కలు, పక్కింటివాళ్లు బిడ్డను ఎత్తుకుంటారు. తల్లితో గట్టి బంధం ఏర్పడిన పిల్లలు తండ్రితో, అవ్వతో, అన్నలతో కూడా బంధం కట్టుకోవడం ఆమె చూసింది. ఒకరిని పట్టుకోగల బిడ్డే ఇంకొకరినీ పట్టుకోగలుగుతుంది. ఇంకా పదునైన సాక్ష్యం ఇజ్రాయెల్ నుంచి వచ్చింది. అక్కడి కిబ్బుట్జ్ అనే ఉమ్మడి వ్యవసాయ ఊళ్లలో కొన్నిచోట్ల పిల్లలు పగలు శిశుగృహంలో ఉండి రాత్రి ఇంటికి వచ్చేవారు. కొన్నిచోట్ల రాత్రి కూడా శిశుగృహంలోనే పడుకునేవారు, కాపలాకు వంతులవారీగా మారే స్త్రీలు ఉండేవారు. 1994లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇంట్లో పడుకునే పిల్లల్లో 80 శాతం మందికి తల్లితో భద్రమైన బంధం కనిపించగా, శిశుగృహంలో పడుకునే వాళ్లలో 48 శాతం మందికే కనిపించింది. పగటి చేతులు రెండుచోట్లా అనేకమే. తేడా అంతా రాత్రి ఏడిస్తే వచ్చేది తెలిసిన ముఖమా, తెలియని ముఖమా అన్నదాంట్లో ఉంది. బిడ్డకు చేటు చేతులు ఎక్కువ కావడంలో లేదు, చేతులు కొత్తవి కావడంలో ఉంది. శామీర్‌పేట వాడకట్టులో చేతులు చాలానే మారాయి, కొత్త చేతులు మాత్రం అరుదు.

ఇంకో అభ్యంతరం బాధ కలిగించేది, కానీ తప్పించుకోకూడనిది. పుట్టిన బిడ్డల్లో చాలామంది దక్కని రోజుల్లో తల్లులు మనసు పెట్టడానికే జంకి ఉండరా? ఈశాన్య బ్రెజిల్ పేదవాడల్లో పని చేసిన నాన్సీ షెపర్-హ్యూస్ 1992లో అలాంటి మాటే రాసింది. బతుకుతుందో లేదో తెలియని బిడ్డ మీద తల్లులు ప్రేమను వాయిదా వేసుకుంటారని ఆమె పరిశీలన. మన దేశంలో 1971లో కూడా పుట్టిన ప్రతి 1,000 మందిలో 129 మంది ఏడాది లోపే పోయేవారు. దూబే ఊళ్లో ఉన్న రోజుల్లో పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉండి ఉండదు. మరి ఆ తల్లులు ఏం చేశారు? దీనికి తెలంగాణ పేర్లే జవాబు చెబుతాయి. పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, భిక్షపతి. ముందు పుట్టినవాళ్లు పోయాక పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పొర్లించి పెంటయ్య అన్నారు. ఎంగిలి విస్తరాకులో దొర్లించి పుల్లయ్య అన్నారు. ఇది మాది కాదు, అడుక్కుని తెచ్చుకున్నది అని భిక్షపతి అన్నారు. చావు కంట పడకుండా బిడ్డను విలువలేనిదిగా చూపించే ఎత్తు అది. ప్రేమను వాయిదా వేసుకున్నవాళ్లకు ఈ ఎత్తుతో పనిలేదు. దాచవలసినంత ప్రేమ ఉన్నవాళ్లకే దాని అవసరం. బ్రెజిల్ తల్లుల గురించి ఆమె రాసింది అక్కడ నిజమే కావచ్చు. ఇక్కడి తల్లుల భయం మాత్రం బంధాన్ని సడలించలేదు, బిగించింది. ఆ పేర్లు ఇప్పుడు అరవై దాటిన తాతలకే మిగిలాయి. తెలంగాణలో 2020 నాటికి శిశు మరణాలు 1,000కి 21కి దిగాయి. పసిపిల్లలను నీళ్ల విరేచనాలతో తీసుకుపోయిన రోటావైరస్‌కు 2015లో విడుదలైన దేశీయ టీకా రోటావాక్ తయారైంది ఈ శామీర్‌పేట మండలంలోనే, తుర్కపల్లి దగ్గరి జీనోమ్ వ్యాలీలో. పెంటయ్యలు పుట్టిన నేల మీద ఆ టీకా పుట్టడం నాకు చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది.

బిడ్డలు బతికారు. వాళ్లను ఎత్తుకునే చేతులు ఏమయ్యాయి? ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో మేడ్చల్, శామీర్‌పేట, కొంపల్లి చుట్టుపక్కల ద్రాక్షతోటలు, కోళ్లఫారాలు విస్తరించాయి. అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష హైదరాబాద్ పేరు మోసింది. తోటల్లో తీగ పాకించడం, గుత్తులు పలచన చేయడం, కోయడం అన్నిటికీ ఆడకూలీలు కావాలి. ఆ తోటలు ఇంకా ఊరి చుట్టూనే ఉన్నాయి గనుక బాపమ్మ నడిచి వచ్చి బిడ్డకు పాలు తాగించుకుని మళ్లీ తీసుకుపోగలిగింది. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 1999లో జీనోమ్ వ్యాలీ, 2008లో బిట్స్ ప్రాంగణం, ఆపైన ఔటర్ రింగ్ రోడ్డు వచ్చేసరికి భూమి ఎకరాల నుంచి గజాల్లోకి మారింది. తోటలు లేఅవుట్లయ్యాయి. భూమి అమ్మిన అన్నదమ్ములు ఒకరు కొంపల్లిలో, ఒకరు అల్వాల్‌లో, ఒకరు ఊళ్లో కట్టుకున్నారు. 1951లో వేరుపడితే పొయ్యి మాత్రమే వేరైంది, ఇప్పుడు వేరుపడితే వాడకట్టే పోయింది. ఇంకోవైపు, ఈ భవనాలు కట్టడానికి, ఇటుక బట్టీల్లో పని చేయడానికి పాలమూరు నుంచి, పశ్చిమ ఒడిశా నుంచి కుటుంబాలు వచ్చాయి. వాళ్ల బిడ్డకు తల్లీ తండ్రీ పక్కనే ఉంటారు, మట్టి తొక్కుతూ అచ్చులు పోస్తూ. అవ్వ మాత్రం ఎక్కడో దూరాన సొంతూళ్లో ఉంటుంది. గేటెడ్ కమ్యూనిటీలో ఉద్యోగం చేసే తల్లి బిడ్డకూ, ఆ గోడ కట్టిన మేస్త్రీ బిడ్డకూ డబ్బులో పోలిక లేదు. చేతుల లెక్కలో మాత్రం ఇద్దరూ ఒకే చోట నిలబడ్డారు.

ఆ ఖాళీని ప్రభుత్వం నింపిందని వాదించవచ్చు. చట్టాలు ఉన్నమాట నిజం. 1948 ఫ్యాక్టరీల చట్టం పిల్లల గది ఉండాలంది. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం 50 మందికి మించి ఆడవాళ్లు పని చేసే చోట అదే అడిగింది. 2017 సవరణ 26 వారాల ప్రసూతి సెలవు ఇచ్చి, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులు ఉన్న చోట క్రెష్ తప్పనిసరి చేసింది. కానీ ద్రాక్షతోట ఫ్యాక్టరీ కాదు, బట్టీలో కుటుంబం మొత్తానికి కలిపి ఒక లెక్క, మేస్త్రీ దగ్గర పదిమందే కూలీలు. ప్రతి చట్టమూ వీళ్లను దాటుకుని పోయింది. 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఊరూరా అంగన్‌వాడీ తెచ్చింది. అది ఎన్నో ప్రాణాలు నిలిపింది. కానీ కేంద్రంలో కూర్చోబెట్టి చూసుకునేది మూడేళ్లు నిండిన పిల్లలను. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా ఉన్న బిడ్డకు బాలామృతం పొట్లం ఇంటికి పంపుతారు. బంధం గట్టిపడే వయసు సరిగ్గా అదే. ఆ వయసుకు తిండి అందింది, చెయ్యి అందలేదు. ఈ విషయంలో అందరికంటే తెలివిగా ఆలోచించింది ఉపాధి హామీ చట్టం. పనిచోట ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు ఉంటే ఆ కూలీల్లోనే ఒకామెను వాళ్లను చూసుకోవడానికి పెట్టి కూలి ఇవ్వాలంది. చెట్టు కింద తొట్టెల దగ్గర కూర్చున్న ఆ అక్క పనికి కూలి రాసిన చట్టం అది. అమలు ఎంత పలచగా ఉన్నా ఆ ఆలోచన విలువ తగ్గదు.

పరిశోధన ఈ నేల మీద ఆగలేదు. మేడ్చల్ మండలం ఘనపూర్‌లోని మెడిసిటీ ప్రాంగణం నుంచి షేర్ ఇండియా సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటి ఆరోగ్య లెక్కలు రాస్తూ వచ్చింది. 2009లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంతో కలిసి లైఫ్ అనే దీర్ఘకాల కుటుంబ ఆరోగ్య అధ్యయనం మొదలుపెట్టింది. 15 నుంచి 35 ఏళ్ల వయసున్న 1,227 మంది స్త్రీలను గర్భం రాకముందే గాని, తొలి 14 వారాల్లో గాని చేర్చుకుని, వాళ్లనూ పుట్టిన పిల్లలనూ గమనించడం దాని ఉద్దేశం. ఇలాంటి అధ్యయనం బరువు, రక్తం, కాన్పు మీద నిలబడుతుంది, నిలబడాలి కూడా. బంధాన్ని కొలవాలంటే మాత్రం చేతిలో ఉన్న కొలబద్ద మనది కాదు. ఐన్స్‌వర్త్ తర్వాత బాల్టిమోర్‌లో తయారుచేసిన పరీక్షలో బిడ్డను కొత్త గదిలో కొత్త మనిషి దగ్గర వదిలి తల్లి కాసేపు బయటికి వెళ్తుంది, తిరిగి వచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తుందో చూస్తారు. 1988లో 8 దేశాల్లో జరిగిన 32 అధ్యయనాలను, దాదాపు 2,000 పరీక్షలను కలిపి చూసినప్పుడు దేశానికీ దేశానికీ మధ్య కంటే ఒకే దేశం లోపలే తేడాలు ఎక్కువగా కనిపించాయి. ఆ 8 దేశాల్లో భారతదేశం లేదు. ఆ పరీక్ష పనికిరాదని నేను అనను. తిరిగి వచ్చిన మనిషిని బిడ్డ ఎలా అందుకుంటుందన్నది ఎక్కడైనా అర్థమున్న ప్రశ్నే. కానీ మేడ్చల్ బిడ్డకు తిరిగి రావలసినది తల్లి ఒక్కతే కాదు.

ఇప్పుడు ఇక్కడి అపార్ట్‌మెంట్లలో బిడ్డలను ఎక్కువగా పెంచుతున్నది అమ్మమ్మలు, బాపమ్మలే. సిద్దిపేట, కరీంనగర్ వైపు పల్లెల నుంచి వస్తారు. పెద్దకొడుకు దగ్గర కొన్ని నెలలు, చిన్నకొడుకు దగ్గర కొన్ని నెలలు, కూతురి కాన్పు అయితే అక్కడ కొన్ని నెలలు. మనం దాన్ని వంతు అంటాం, ముసలివాళ్ల భారాన్ని పంచుకునే న్యాయంగానే చూస్తాం. పది నెలల బిడ్డ వైపు నుంచి ఆ వంతును ఎవరూ చూడలేదు. రోజూ స్నానం చేయించిన మనిషి, కథ చెప్పి బువ్వ పెట్టిన మనిషి, ఒక పొద్దున సంచి సర్దుకుని వెళ్లిపోతుంది, మళ్లీ వచ్చేసరికి బిడ్డకు ఏడాది దాటి ఉంటుంది. ఈ మండలాల్లో బంధాల మీద ఎవరైనా మళ్లీ పని మొదలుపెడితే, తల్లి ఉద్యోగం గంటలతో పాటు ఆ బాపమ్మ శామీర్‌పేటలో కరీంనగర్ బస్సు ఎక్కిన తేదీని, ఆ తర్వాత వారం రోజులు బిడ్డ ఎలా నిద్రపోయిందన్నదాన్ని కూడా రాసుకోవాలి.